మొదటి పేజీ వచ్చాక లేవొద్దు

ఆఫీసులో కొత్త ప్రింటర్ దిగితే అందరికీ తొందరే. అట్టపెట్టె విప్పీ విప్పకముందే "వైఫైకి కలిపెయ్యండి, పొద్దున్నుంచి ప్రింట్లు ఆగిపోయాయి" అని నలుగురూ చుట్టూ చేరతారు. కలిపేవాళ్లు కూడా ప్యానెల్ మీద నెట్‌వర్క్ పేరు నొక్కి, పాస్‌వర్డ్ కొట్టి, టెస్ట్ పేజీ బయటికి రాగానే పనైపోయిందని లేచి వెళ్లిపోతారు. నిజానికి అప్పటికి సగం పని కూడా అయినట్టు కాదు.

నా ఉద్యోగ జీవితమంతా ఈ మిషన్ల మధ్యే గడిచింది. ఆడిటర్ ఆఫీసులు, స్కూళ్లు, నర్సింగ్ హోములు, చిట్‌ఫండ్ కంపెనీలు, దస్తావేజులు రాసేవాళ్ల గదులు, ఇలా ఎన్నో చోట్ల పనిచేశాను. ఎక్కడైనా ఆ గాజు పలక మీదికి వచ్చే కాగితాలు ఒకటే రకం: ఆధార్ కాపీలు, జీతాల స్లిప్పులు, రక్త పరీక్షల రిపోర్టులు, పిల్లల మార్కుల జాబితాలు, భూమి పత్రాలు. ఆ కాగితాలు ఎవరివో వాళ్లు ఆ గదిలో ఉండరు. మిషన్‌ని ఎవరు ఎలా సెట్ చేశారో తెలుసుకునే దారి కూడా వాళ్లకి లేదు. వాళ్ల తరఫున జాగ్రత్త పడాల్సింది మనమే. "సిస్టమ్స్ చూసే అబ్బాయి", "సిస్టమ్స్ చూసే అమ్మాయి" అని ఆఫీసులో పేరు పడిన ప్రతి ఒక్కరి కోసం ఈ పాఠాలు రాస్తున్నాను.

1. వైరు వెళ్లే చోట వైరే వేయండి

వైఫై సెట్టింగ్ మొదలుపెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ మిషన్‌కి వైఫై కావాలా? ల్యాప్‌టాప్ అయితే గది గదికీ తిరుగుతుంది. నలుగురు కలిసి వాడే ప్రింటర్ ఒక మూల పెడితే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. దానికి ల్యాన్ వైరు లాగడం ఒక్కరోజు కష్టం. మామూలు నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల వరకు బాగా పనిచేస్తుంది. సాధారణ ఆఫీసుకి అది చాలు.

వైరు వేస్తే సిగ్నల్ గొడవ ఉండదు, వైఫై పాస్‌వర్డ్ మార్చిన ప్రతిసారీ ప్రింటర్ దగ్గరికి పరిగెత్తే పనీ ఉండదు. అద్దె గది గోడకి రంధ్రం కొట్టనివ్వరనో, మిషన్ రోడ్డు వైపు కౌంటర్ దగ్గరే ఉండాలనో అయితే వైఫై వాడక తప్పదు. అప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి: చాలా మోడళ్లలో వైరు పెట్టగానే వైఫై దానంతటదే ఆగిపోతుంది. "వైఫై ఆన్ అవడం లేదు" అన్న ఫిర్యాదు వస్తే ముందు వెనక్కి వెళ్లి ఎవరైనా కేబుల్ గుచ్చారేమో చూడండి.

2. నెట్‌వర్క్ పేరు కనబడకపోతే మిషన్‌ని తప్పుపట్టకండి

ఫోన్లో కనబడే వైఫై పేరు ప్రింటర్‌లో కనబడదు. అప్పుడు చాలామంది మిషన్ చెడిపోయిందంటారు. కారణం ఎక్కువగా బ్యాండ్‌ది. రౌటర్లు 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ రెండింటిలోనూ ప్రసారం చేస్తాయి. తక్కువ ధర ప్రింటర్లలో చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు. రౌటర్‌లో 2.4ని ఆపేసి ఉంటే ప్రింటర్ ఎంత వెతికినా ఫలితం ఉండదు. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టిన చోట కొన్ని మిషన్లు తడబడతాయి. అలాంటప్పుడు 2.4కి వేరే పేరు పెట్టి కలపండి.

2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్లు ఒకదాని మీద ఒకటి పడవు. మన దేశంలో 13 వరకు వాడొచ్చు. అమెరికాలో కొని తెచ్చిన మిషన్ మాత్రం 12, 13 ఛానెళ్లని చూడలేకపోవచ్చు. అలా తెచ్చినదాన్ని ప్లగ్గులో పెట్టే ముందు అది 230 వోల్టులకి తట్టుకుంటుందో లేదో వెనక చీటీ మీద చదవండి.

స్థలం కూడా ముఖ్యమే. ఇనుప బీరువా వెనకో, రెండు కాంక్రీటు గోడల అవతలో, క్యాంటీన్ మైక్రోవేవ్ ఓవెన్ పక్కనో ప్రింటర్ పెడితే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. మైక్రోవేవ్ పనిచేసేదీ దాదాపు అదే 2.4 దగ్గర. ఒక్కసారి కలిసిందని సంతృప్తి పడకుండా, బరువైన పీడీఎఫ్ ఒకటి పంపి మధ్యలో ఆగకుండా వస్తుందో లేదో చూడండి.

3. పాస్‌వర్డ్‌ని నిదానంగా కొట్టండి, బటన్ దారి పట్టకండి

ప్రింటర్ ప్యానెల్ చిన్నది. పెద్ద అక్షరాలకి, చిన్న అక్షరాలకి, గుర్తులకి వేర్వేరు తెరలుంటాయి. సున్నాకీ ఇంగ్లిష్ 'ఓ'కీ, ఒకటి అంకెకీ చిన్న 'ఎల్'కీ తేడా కనబడదు. వైఫై పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండొచ్చు. అందులో ఒక్క అక్షరం తేడా వచ్చినా మిషన్ "కనెక్షన్ ఫెయిల్డ్" అంటుంది తప్ప ఎక్కడ తప్పిందో చెప్పదు. పాస్‌వర్డ్‌ని ముందు కాగితం మీద స్పష్టంగా రాసుకుని, ఒకరు చదువుతుంటే ఒకరు కొట్టండి. పనయ్యాక ఆ కాగితం చింపెయ్యండి.

ఈ కష్టం తప్పించడానికి రౌటర్ మీద డబ్ల్యూపీఎస్ అనే బటన్ ఉంటుంది. అది నొక్కి, ప్రింటర్‌లో నొక్కితే రెండూ కలుస్తాయి. అందులోనే ఎనిమిది అంకెల పిన్ పద్ధతి కూడా ఉంది. 2011 డిసెంబరులో స్టెఫాన్ ఫీబ్యోక్ అనే పరిశోధకుడు ఆ పిన్ ఎంత బలహీనమో బయటపెట్టాడు. చివరి అంకె ముందున్న ఏడింటి నుంచి లెక్కగట్టేది. పైగా రౌటర్ పిన్‌ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది. దాంతో కోటి ప్రయత్నాలు పట్టాల్సింది 11,000తో తేలిపోతుంది. వీధిలో కూర్చున్నవాడు కొన్ని గంటల్లో లోపలికి రావచ్చు. అందుకే ఆఫీసు రౌటర్‌లో డబ్ల్యూపీఎస్‌ని పూర్తిగా ఆపేయండి. చేత్తో కొట్టడానికి పట్టేది ఐదు నిమిషాలే.

4. పాత ప్రింటర్ కోసం ఆఫీసు మొత్తాన్ని కిందికి దించకండి

వైఫైలో గాలిలో వెళ్లే సమాచారాన్ని బయటివాళ్లు చదవకుండా కాపాడే పద్ధతులకి ఒక చరిత్ర ఉంది. మొదటిది డబ్ల్యూఈపీ, 1997 నాటి ప్రమాణంతో వచ్చింది. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు అందులోని మూల దోషాన్ని చూపించారు. ఇప్పుడు మామూలు ల్యాప్‌టాప్‌తో నిమిషాల్లో దాన్ని విప్పేస్తారు. 2003లో తాత్కాలికంగా డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. 2017లో మాథీ వాన్‌హూఫ్ అనే బెల్జియం పరిశోధకుడు డబ్ల్యూపీఏ2లోనూ ఒక లోపం పట్టుకున్నాడు. పరికరాలకి అప్‌డేట్లు వేసుకుంటే ఆ లోపం పోతుంది.

ఈ చరిత్ర అంతా ఒక్క సందర్భంలో పనికొస్తుంది. పాత మిషన్ ఒకటి కొత్త రౌటర్‌కి కలవదు. ఎవరో వచ్చి, "రౌటర్‌లో సెక్యూరిటీ తగ్గిస్తే కలుస్తుంది" అంటారు. నిజమే, కలుస్తుంది. కానీ ఆ ఒక్క మిషన్ కోసం అకౌంట్స్ కంప్యూటరూ, మేనేజర్ ఫోనూ, అన్నీ బలహీనమైన నెట్‌వర్క్ మీదికి దిగిపోతాయి. పాత టీకేఐపీ పద్ధతి పెడితే వేగం కూడా 54 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది.

రౌటర్‌లో డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ ఎంచుకోండి. అన్ని పరికరాలూ కొత్తవైతే డబ్ల్యూపీఏ3. పాతవీ కొత్తవీ కలిసి ఉంటే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ నడిచే మిశ్రమ పద్ధతి. దీనికీ కలవని మిషన్‌ని వైరు మీద పెట్టండి, లేదా ఒక్క కంప్యూటర్‌కి యూఎస్‌బీతో తగిలించండి. ఆఫీసు స్థాయికి మిషన్ రావాలి గానీ, మిషన్ స్థాయికి ఆఫీసు దిగకూడదు.

5. అడ్రస్ కదలకుండా చూడండి

సోమవారం పొద్దున ప్రింటర్ "ఆఫ్‌లైన్" అని చూపిస్తోందంటే చాలాసార్లు దాని ఐపీ అడ్రస్ మారి ఉంటుంది. శనివారం సాయంత్రం కరెంటు తీశారు, మళ్లీ ఆన్ చేసేసరికి రౌటర్ దానికి కొత్త అడ్రస్ ఇచ్చింది. కంప్యూటర్లు మాత్రం పాత అడ్రస్‌కే పంపుతున్నాయి.

దీనికి మంచి మందు రౌటర్‌లోనే ఉంది. ప్రతి మిషన్‌కీ పన్నెండు అక్షరాల మ్యాక్ అడ్రస్ ఉంటుంది. నెట్‌వర్క్ రిపోర్టు ప్రింట్ తీస్తే అందులో కనబడుతుంది. రౌటర్‌లో ఆ మ్యాక్‌కి ఫలానా ఐపీయే ఇవ్వాలని రిజర్వ్ చేయండి. ప్రింటర్ ప్యానెల్‌లో చేత్తో ఐపీ కొట్టినా పని జరుగుతుంది. కాకపోతే అదే అడ్రస్‌ని రౌటర్ ఇంకో ఫోన్‌కి ఇచ్చేస్తే రెండూ కొట్టుకుంటాయి. రిజర్వ్ చేస్తే ఆ గొడవ రాదు.

రిపోర్టులో ఐపీ 169.254తో మొదలైతే ప్రింటర్‌కి రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. అప్పుడు కంప్యూటర్లో డ్రైవర్ తీసి మళ్లీ వేసుకుంటూ పూట గడపకండి. ముందు వైఫై కలిసిందో లేదో చూడండి. విండోస్‌లో ప్రింటర్‌ని చేర్చేటప్పుడు దానంతటది వెతికి పెట్టుకున్న పోర్టుని నమ్ముకోకుండా, టీసీపీ/ఐపీ పోర్టు ఎంచుకుని రిజర్వ్ చేసిన అడ్రస్ మీరే ఇవ్వండి. "ఆఫ్‌లైన్" ఫిర్యాదులు చాలా తగ్గుతాయి.

6. అడ్మిన్ పాస్‌వర్డ్ ఆ రోజే మార్చండి

పాఠాలన్నింటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. బ్రౌజర్‌లో ప్రింటర్ ఐపీ కొట్టండి. దాని సొంత పేజీ తెరుచుకుంటుంది. అక్కడ అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. చాలా మిషన్లకి కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మాన్యువల్‌లోనే అచ్చయి ఉంటుంది. ఆ మాన్యువల్ ఎవరికైనా దొరుకుతుంది. కొన్నిటికి సీరియల్ నంబరే పాస్‌వర్డ్, అది మిషన్ వెనకే కనబడుతుంది. ఇంకొన్నిటికి అసలు పాస్‌వర్డే ఉండదు.

"ప్రింటర్‌లోకి వచ్చి ఎవరేం చేస్తారు?" అని చాలామంది అడిగారు నన్ను. ఏం చేయొచ్చో చెబుతాను. స్కాన్ చేసి మెయిల్ పంపడానికి ఆఫీసు మెయిల్ పాస్‌వర్డ్‌ని, ఫోల్డర్‌లో దాచడానికి కంప్యూటర్ పాస్‌వర్డ్‌ని మనం ఆ మిషన్‌లోనే దాచి ఉంచుతాం. తెర మీద చుక్కలే కనబడతాయి కాబట్టి భద్రమనుకుంటాం. అడ్మిన్ పేజీలోకి వచ్చినవాడు ఆ చుక్కల్ని ముట్టుకోడు. మెయిల్ సర్వర్ అడ్రస్ ఒక్కటి తీసేసి తన కంప్యూటర్ అడ్రస్ పెడతాడు, తర్వాత "టెస్ట్" నొక్కుతాడు. సెట్టింగులు సడలించి ఉన్న మిషన్ ఆ పాస్‌వర్డ్‌ని నేరుగా అతనికే పంపేస్తుంది. అక్కడి నుంచి ఆఫీసు మెయిలంతా అతని చేతిలో ఉంటుంది.

కాబట్టి మొదటి రోజే పాస్‌వర్డ్ మార్చండి. పొడుగ్గా ఉండాలి, వైఫై పాస్‌వర్డ్‌కీ దీనికీ పోలిక ఉండకూడదు. దాన్ని చీటీ మీద రాసి మిషన్‌కి అతికించడం ఇంటికి తాళం వేసి తాళంచెవి గుమ్మానికే తగిలించడం లాంటిది. కవర్లో పెట్టి, అంటించి, ఆఫీసు బాధ్యుల బీరువాలో ఉంచండి. రేపు మీరు సెలవులో ఉన్నా ఆఫీసు ఆగకూడదు.

7. అవసరం లేని దారులన్నీ మూసేయండి

కంపెనీ నుంచి వచ్చిన మిషన్‌లో అన్ని సదుపాయాలూ ఆన్‌లో ఉంటాయి. ఎవరికి ఏది కావాలో తెలియదు గనక అన్నీ తెరిచి పంపుతారు. మనకి కావాల్సినవి ఉంచి మిగతావి మూయడం మన పని.

మొదట వైఫై డైరెక్ట్ చూడండి. ఆఫీసు వైఫైతో సంబంధం లేకుండా ప్రింటర్ తనే ఒక చిన్న వైఫై ప్రసారం చేస్తుంటుంది. ఫోన్లో వెతికితే "డైరెక్ట్" అని మొదలయ్యే పేరు కనబడుతుంది. మీరు ఆఫీసు వైఫైకి ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా ఈ పక్కదారి తెరిచే ఉంటుంది. ఎవరూ వాడకపోతే ఆపేయండి. టెల్‌నెట్, ఎఫ్‌టీపీ సమాచారాన్ని దాపరికం లేకుండా పంపే పాత పద్ధతులు. వాటినీ ఆపండి. మిషన్ స్థితిని నెట్‌వర్క్ మీంచి చూసే ఎస్ఎన్ఎంపీ అవసరమైతే "పబ్లిక్" అన్న డిఫాల్ట్ పేరు మార్చండి, వీలైతే మూడో వెర్షన్ పెట్టండి. అడ్మిన్ పేజీ హెచ్‌టీటీపీఎస్ మీదే తెరుచుకునేలా చేయండి.

అన్నిటికంటే ముఖ్యమైనది 9100 పోర్టు. చాలా ప్రింటర్లు పేజీలు అందుకునే దారి అదే. వచ్చినవాళ్లెవరని అడగదు, వచ్చిందల్లా అచ్చు వేస్తుంది. ఆఫీసు లోపల ఉన్నంతవరకు పర్వాలేదు. ఇంటి నుంచి ప్రింట్ ఇవ్వాలని ఎవరో రౌటర్‌లో ఆ పోర్టుని ఇంటర్నెట్ వైపు తెరుస్తారు. అక్కడ ముప్పు మొదలవుతుంది. 2018 నవంబరు చివర్లో ఒక వ్యక్తి ఒక యూట్యూబ్ ఛానెల్‌ని మెచ్చుకుంటూ ప్రపంచమంతటా ప్రింటర్లకి పేజీలు పంపాడు. సుమారు 50,000 మిషన్లకి పంపానని చెప్పుకున్నాడు. అతను ఏ పాస్‌వర్డూ ఛేదించలేదు. ఆ ప్రింటర్లు ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్నాయి, అంతే. ఆ పని చేసినవాడు కాగితం వృథా చేసి ఊరుకున్నాడు. ఇంకొకడు ఊరుకోకపోవచ్చు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ జాబితా తెరిచి ప్రింటర్ పేరు ఉంటే తీసేయండి. తనంతట తాను దారులు తెరిచే యూపీఎన్‌పీని ఆపేయండి. బయటి నుంచి ప్రింట్ ఇవ్వక తప్పకపోతే వీపీఎన్ పెట్టించండి.

8. వచ్చేపోయేవాళ్ల వైఫై వేరు, ప్రింటర్ వైఫై వేరు

క్లయింట్లు వస్తారు, కూర్చుంటారు, "వైఫై పాస్‌వర్డ్ ఏంటండీ?" అని అడుగుతారు. కాదనడం మన మర్యాద కాదు. అందుకే రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ పెట్టండి. దానికి కలిసిన ఫోన్లకి ఇంటర్నెట్ వస్తుంది, లోపలి కంప్యూటర్లు, ప్రింటర్ కనబడవు. కొందరు తెలియక ప్రింటర్‌నే గెస్ట్ నెట్‌వర్క్‌కి కలుపుతారు. అప్పుడు సిగ్నల్ నిండుగా చూపిస్తూనే ఏ కంప్యూటర్ నుంచీ ప్రింట్ రాదు. గెస్ట్‌లో ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా అడ్డు పెట్టి ఉంటుంది. అది లోపం కాదు, దాని ఉద్దేశమే అది.

కాస్త పెద్ద ఆఫీసైతే ప్రింటర్లన్నిటికీ వేరే వీల్యాన్ (విడిగా ఉండే నెట్‌వర్క్ భాగం) పెట్టించి, వాటి నుంచి ఇంటర్నెట్‌లోకి వెళ్లే దారిని మెయిల్, అప్‌డేట్లు, టైమ్ వరకే పరిమితం చేయించండి.

9. దాచిన పేరు తాళం కాదు

నెట్‌వర్క్ పేరు కనబడకుండా దాచితే ఎవరూ రాలేరని, ఫలానా మ్యాక్ అడ్రస్‌లనే రానిస్తే అదే కాపలా అని చాలా ఆఫీసుల్లో నమ్మకం. దాచిన పేరుని ఆ నెట్‌వర్క్‌కి కలిసే ప్రతి పరికరమూ గాలిలో పలుకుతూనే ఉంటుంది. మ్యాక్ అడ్రస్ కూడా ఎన్‌క్రిప్షన్ లేకుండానే వెళ్తుంది. వినేవాడు దాన్ని నకలు చేసి తన ల్యాప్‌టాప్‌కి పెట్టుకోగలడు. ఈ రెండూ మీకు పని పెంచుతాయి, దొంగకి పెద్దగా అడ్డం రావు. ఆ శ్రమని గట్టి పాస్‌వర్డ్ మీద పెట్టండి.

10. స్కాన్ ఆగిపోతే పాత తలుపు మళ్లీ తెరవకండి

2017 మే 12న వానాక్రై అనే వైరస్ 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లని పట్టుకుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. విండోస్‌లో ఫైళ్లు పంచుకోవడానికి వాడే ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌లోని లోపం గుండా అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి మార్చిలోనే మందు విడుదల చేసింది. వేసుకోనివాళ్లే ఎక్కువ దెబ్బతిన్నారు. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 నుంచి ఆ పాత వెర్షన్‌ని కొత్తగా వేసే సిస్టమ్‌లలో పెట్టడం మానేశారు.

దాని ఫలితం మన మిషన్ల మీద పడింది. పాత కాపియర్లకి ఫోల్డర్‌లోకి స్కాన్ పంపడానికి తెలిసింది ఆ మొదటి వెర్షన్ ఒక్కటే. కంప్యూటర్ మార్చగానే స్కాన్ ఆగిపోయింది. విండోస్‌లో ఆ వెర్షన్‌ని మళ్లీ ఆన్ చేస్తే చిటికెలో పని జరుగుతుంది. ఈ రోజుకీ అలాగే చేస్తున్న చోట్లున్నాయి. దయచేసి చేయకండి. మిషన్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే ఎస్ఎంబీ రెండో, మూడో వెర్షన్ వస్తుందేమో చూడండి. రాకపోతే పెన్ డ్రైవ్‌లోకో, మెయిల్‌కో స్కాన్ తీయండి. ఫోల్డర్ పద్ధతి పెడితే స్కాన్ కోసమే ఒక వేరే యూజర్‌ని చేసి, ఆ ఒక్క ఫోల్డర్‌లో రాసే హక్కు మాత్రమే ఇవ్వండి. మేనేజర్ పాస్‌వర్డ్ మిషన్‌లో ఎప్పుడూ పెట్టకండి.

మెయిల్‌కి స్కాన్ విషయంలోనూ ఒక మార్పు వచ్చింది. 2022 మే 30 నుంచి మామూలు జీమెయిల్ ఖాతాల్లో ఉత్త పాస్‌వర్డ్‌తో ఇలాంటి పరికరాలు లోపలికి రాకుండా గూగుల్ ఆపేసింది. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని, ప్రింటర్ కోసం 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. ఇది మనకి మేలే. మిషన్ పోయినా, అమ్మేసినా ఆ ఒక్క యాప్ పాస్‌వర్డ్ రద్దు చేస్తే చాలు, అసలు పాస్‌వర్డ్ క్షేమంగా ఉంటుంది.

11. ఫర్మ్‌వేర్, గడియారం: ఎవరూ చూడని రెండు

కంప్యూటర్లకి అప్‌డేట్లు వేస్తాం, ఫోన్లకి వేస్తాం. ప్రింటర్‌కీ లోపల ఒక సాఫ్ట్‌వేర్ ఉందని మర్చిపోతాం. 2018 ఆగస్టులో చెక్ పాయింట్ సంస్థ పరిశోధకులు ఒక ఫ్యాక్స్ పంపి ప్రింటర్‌ని స్వాధీనం చేసుకుని, దాని గుండా లోపలి నెట్‌వర్క్‌లోకి వెళ్లి చూపించారు. తయారీదారు వెంటనే అప్‌డేట్ ఇచ్చాడు. వేసుకున్నవాళ్లకే అది రక్ష. ఫర్మ్‌వేర్‌ని తయారీదారు సైట్ నుంచే తీసుకోండి. అప్‌డేట్ నడుస్తున్నంతసేపు మిషన్ యూపీఎస్ మీద ఉండాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డు మార్చాల్సి రావచ్చు.

గడియారం సంగతి చాలామంది పట్టించుకోరు. మిషన్‌లో తేదీ తప్పుగా ఉంటే మెయిల్ సర్వర్ సర్టిఫికెట్ చెల్లదని స్కాన్ ఆగిపోతుంది. యూజర్ ఐడీలతో వైఫై నడిపే పెద్ద ఆఫీసుల్లో అసలు కనెక్షనే దొరక్కపోవచ్చు. టైమ్ సర్వర్ పెట్టండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాలు తమ సిస్టమ్‌ల గడియారాలని ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలపాలని, లాగ్‌లు 180 రోజులు ఉంచాలని, పేర్కొన్న సైబర్ ఘటనల్ని తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలని ఉంది. ఏ పూట ఏం జరిగిందో తేల్చాలంటే ముందు టైమ్ నిజమై ఉండాలి.

12. ట్రేలో పడి ఉన్న కాగితాన్ని ఏ సెట్టింగూ కాపాడదు

గాలిలో వెళ్లే సమాచారానికి ఇన్ని కాపలాలు పెట్టి, చివరికి జీతాల జాబితాని ట్రేలో వదిలేస్తే ఏం లాభం? చాలా మిషన్లలో పిన్ ప్రింట్ ఉంటుంది. కంప్యూటర్ నుంచి పంపిన పేజీ మిషన్ దగ్గరికి వెళ్లి నాలుగంకెలు నొక్కేదాకా బయటికి రాదు. హెచ్‌ఆర్, అకౌంట్స్, డాక్టర్ గది, ఈ మూడు చోట్లా అది తప్పనిసరి చేయించండి. తీసుకోని ప్రింట్లు కొన్ని గంటల తర్వాత మిషన్‌లోంచి చెరిగిపోయేలా పెట్టండి. ఇది మొదట్లో అందరికీ విసుగే. "మీ జీతం స్లిప్పు ఇంకొకరు చదివితే ఒప్పుకుంటారా?" అని నెమ్మదిగా అడగండి, అర్థం చేసుకుంటారు.

13. చేసిన ప్రతిదీ రాసి పెట్టండి

మోడల్, సీరియల్ నంబరు, మ్యాక్, ఐపీ, ఏ వైఫై పేరుకి కలిపారు, ఏమేం ఆపారు, ఫర్మ్‌వేర్ ఏ తేదీది. ఒక్క పేజీ చాలు. పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో రాయకండి. ఎవరైనా ఉద్యోగం మానేసి వెళ్తే వైఫై పాస్‌వర్డ్ మార్చాలి. ఆ రోజు ఏయే మిషన్లని మళ్లీ కలపాలో ఈ పేజీయే చెబుతుంది. వెళ్లినవాళ్లు మంచివాళ్లా కాదా అన్న ప్రశ్న ఇందులో లేదు. ఎవరు వెళ్లినా మార్చడం పద్ధతి. పద్ధతిగా చేస్తే ఎవరూ నొచ్చుకోరు.

సెట్టింగులన్నీ అయ్యాక బ్యాకప్ ఫైల్ తీసి పెట్టుకోండి. సర్వీసుకి వచ్చినవాళ్లు ఫ్యాక్టరీ రీసెట్ చేసి వెళ్తే మీరు మూసినవన్నీ మళ్లీ తెరుచుకుంటాయి, పాత డిఫాల్ట్ పాస్‌వర్డ్ తిరిగొస్తుంది. అందుకే సర్వీసు అయిన ప్రతిసారీ ఆ పేజీ పట్టుకుని మొదటి నుంచి సరిచూడండి.

14. మిషన్‌ని పంపే ముందు దాని జ్ఞాపకం తుడిచేయండి

పెద్ద కాపియర్లలో హార్డ్ డిస్క్ ఉంటుంది. కాపీ తీసినవీ, స్కాన్ చేసినవీ, ప్రింట్ ఇచ్చినవీ అందులో మిగిలిపోవచ్చు. న్యూయార్క్‌లోని అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే ఆరోగ్య బీమా సంస్థ అద్దె కాపియర్లని డిస్కులు తుడవకుండా తిరిగిచ్చేసింది. అందులో ఒకదాన్ని సీబీఎస్ వార్తా సంస్థ కొని చూస్తే రోగుల వివరాలు బయటపడ్డాయి. 3,44,579 మంది దాకా దీని ప్రభావం పడి ఉండొచ్చని అఫినిటీయే అంచనా ఇచ్చింది. 2013లో అమెరికా ప్రభుత్వానికి 12,15,780 డాలర్లు కట్టింది.

మన ఊళ్లలో అద్దె మిషన్లు ఆఫీసు నుంచి ఆఫీసుకి మారుతూనే ఉంటాయి. అద్దె ఒప్పందంలోనే డిస్క్ సంగతి రాయించండి. మొదటి రోజే డిస్క్ ఎన్‌క్రిప్షన్, ప్రతి పని తర్వాత తుడిచే సెట్టింగ్ ఆన్ చేయండి. పంపే రోజు అడ్రస్ బుక్, దాచిన ప్రింట్లు, వైఫై పాస్‌వర్డ్, మెయిల్ పాస్‌వర్డ్ అన్నీ చెరిపి, డిస్క్ తుడిచి, రీసెట్ చేసి, అప్పుడు గేటు దాటించండి. చిన్న ఇంక్‌జెట్‌లో డిస్క్ లేకపోయినా వైఫై పాస్‌వర్డ్ ఉంటుంది. పాత సామాన్లవాళ్లకి వేసే ముందు దాన్నీ రీసెట్ చేయాలి.

ఇవన్నీ ఒక్కరోజులో చేయలేమని భయపడకండి. రేపు ఆఫీసుకి వెళ్లగానే మూడు పనులు చేయండి: అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, వైఫై డైరెక్ట్‌ని, డబ్ల్యూపీఎస్‌ని ఆపండి, రౌటర్‌లో ప్రింటర్ ఇంటర్నెట్ వైపు తెరిచి ఉందేమో చూడండి. ఈ మూడింటికీ గంట కూడా పట్టదు. మిగతావి వారానికొకటి చొప్పున పెట్టుకోండి. ఎవరూ మెచ్చుకోరు, ఎందుకంటే జరగకుండా ఆగిన నష్టం ఎవరికీ కనబడదు. అయినా చేయండి. తన ఆధార్ కాపీని కౌంటర్ మీద పెట్టి మనల్ని నమ్మి వెళ్లిన మనిషికి మనం బాకీ ఉన్నది ఈ పనే.